దయలేని కోడి

షంగ్ వాన్ ఎండు సరుకుల వీధిలో ఎవరినైనా ఆపి మాక్ షూ-పుయి ఎవరని అడిగితే తెల్లమొహం వేస్తారు. "అదేనయ్యా, వేళ్ళు తట్టే పుయి" అంటే మాత్రం బస్తాలు మోసేవాడు కూడా దారి చూపిస్తాడు.

టీ పోసిన మనిషికి బల్ల మీద రెండు వేళ్ళతో తట్టి సంతోషం చెప్పుకోవడం మా వాళ్ళందరికీ ఉన్న అలవాటే. నోటి నిండా రొయ్యల కుడుము ఉన్నప్పుడు మాట పెగలదు కదా. తట్టు వినపడగానే పోసేవాడు కూజా ఎత్తేస్తాడు. ఇటు కృతజ్ఞత చెప్పినట్టూ అయింది, అటు చాలని చెప్పినట్టూ అయింది. అయితే పుయి తట్టినట్టు ఇంకెవరూ తట్టరు. వాన్ హోయ్ హోటల్లో వడ్డించే ముసలి సౌ పోసినా తట్టేవాడు, పక్క బల్లవాడు పొరపాటున పోసినా తట్టేవాడు. ఒక్కోసారి పరధ్యానంలో తన కప్పులో తనే పోసుకుని తనకే తట్టేసుకునేవాడు. అది చూసి సౌ పడీపడీ నవ్వేవాడు.

ఆయన భార్య లాయ్-క్యూన్‌కి మాత్రం నవ్వు వచ్చేది కాదు.

"ఊళ్ళో వాళ్ళందరికీ తట్టి తట్టి ఆ వేళ్ళు అరిగిపోయాయి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో నీకు టీ పోస్తున్నాను. ఒక్కనాడైనా కదిలాయా అవి?" అని దెప్పేది.

"ఇంట్లో మర్యాదలేమిటే? మనలో మనకి!" అనేవాడు పుయి.

ఇరవై రెండేళ్ళ వయసులో షున్‌డక్ నుంచి ఒక చాపా, ఒక జత బట్టలూ పట్టుకుని వచ్చి, సిట్ హాన్-కీ షావుకారు దగ్గర పనికి కుదిరాడు పుయి. షావుకారుదీ ఆ పక్క ఊరే. యీ హింగ్ అని చిన్న దుకాణం. ఎండు ఆల్చిప్పలు, ఎండు రొయ్యలు, సొరచేప రెక్కలు, పెళ్ళి విందుల్లో పెట్టే ఖరీదైన సముద్రపు నత్తలు అమ్ముతారు. ఎండిన నత్తని చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొడితే, అది లోపల ఎంత ఎండిందో, వండితే గట్టిపడుతుందో మెత్తబడుతుందో చెప్పేసేవాడు పుయి. ఆ విద్య ఆయనకి ఎవరూ నేర్పలేదు. పదేళ్ళు తప్పులు చేసి నేర్చుకున్నాడు. పెద్ద పెద్ద హోటళ్ళ వంటవాళ్ళు వచ్చి, "పుయి కొట్టి చూశాడా?" అని అడిగిగానీ సరుకు ముట్టుకునేవాళ్ళు కాదు.

ఒక ఏడాది పెద్ద తుఫాను వచ్చింది. సముద్రం వీధిలోకి నడిచి వచ్చినట్టే వచ్చింది. ఆ రోజు పుయి నడుం లోతు నీళ్ళలో నిలబడి, సొరచేప రెక్కల మూటలు నెత్తి మీద ఎత్తి పట్టుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలలేదు. నీళ్ళు తీశాక షావుకారు మేడ దిగి వచ్చి, వణుకుతున్న పుయి చెయ్యి పట్టుకుని, "నా గిన్నెలో అన్నం ఉన్నన్నాళ్ళూ నీ గిన్నెలో ఉంటుంది పుయి" అన్నాడు. ఆ మాట పుయి ఇంటికి తెచ్చుకుని దేవుడి పటం పక్కన పెట్టుకున్నంత పని చేశాడు. ఏ చిన్న సందు దొరికినా ఆ మాట ఎత్తేవాడు. "నా గిన్నెలో అన్నం..." అని ఆయన మొదలెడితే, కూలికి ప్లాస్టిక్ పువ్వులు గుచ్చుతున్న లాయ్-క్యూన్ తల ఎత్తకుండానే "...నీ గిన్నెలో ఉంటుంది. విన్నాం లే" అని పూర్తి చేసేది.

ఇంక ఆ కోడి సంగతి చెప్పాలి.

కొత్త సంవత్సరం రెండో రోజున యజమాని తన దగ్గర పనిచేసేవాళ్ళందరికీ భోజనం పెట్టాలి. ఆ భోజనంలో తలతో సహా కోడి రావాలి. ఆ తల తమవైపు తిరగకూడదని ప్రతివాడూ కోరుకుంటాడు. ఎవరి ముక్క వాళ్ళు తీసుకుని తింటే ఏ గొడవా లేదు. కాని యజమాని తను అన్నం తినే పుల్లలతో ఒక ముక్క ఎత్తి ఎవరి గిన్నెలోనైనా వేశాడా, ఆ మనిషికి ఆ దుకాణంలో నూకలు చెల్లినట్టే. మర్నాటి నుంచి రానక్కర్లేదు. ఎందుకని అడగకూడదు. ఏడవకూడదు. ముక్క వదిలెయ్యకూడదు. పండగ పూట చెడు మాట నోట రాకూడదని మా పెద్దలు కనిపెట్టిన ఉపాయం ఇది. ఎంత తెలివైన పెద్దలో చూడండి! మాట నోట రానివ్వకుండా మనిషి నోటి దగ్గర కూడు తీసెయ్యడానికి దారి కనిపెట్టారు. దయలేని కోడి అంటారు దాన్ని. పాపం కోడి ఏం చేసింది? దయ లేనిది పుల్లలు పట్టుకున్నవాడికి.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ కోడిముక్క ఏడుసార్లు పడగా చూశాడు పుయి. ఏడుసార్లూ వేరేవాళ్ళ గిన్నెల్లో. చివరిసారి గేయ్ తాతకి పడింది. మూటలు కట్టే ముసలాయన, చెవులు సరిగ్గా వినపడేవి కాదు. తన గిన్నెలో పడిన ముక్కని కాసేపు చూసి, తిని, "బాగా ఉడికింది" అని, టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు బల్ల చుట్టూ ఎవరికీ ముద్ద దిగలేదనుకుంటున్నారేమో. అదేం లేదు. పుయి కోడి కాలు తీసుకున్నాడు. తృప్తిగా తిన్నాడు. షావుకారు చేతిలో న్యాయం తప్పదు, గేయ్ తాతకి వయసైపోయింది, అంతే కదా అనుకున్నాడు. తన దాకా వస్తేగాని ఎవరికీ నొప్పి తెలియదు.

షేర్ల బజారు కుప్పకూలిన తర్వాతి ఏడు అది. పెళ్ళి విందులు పలచబడ్డాయి, నత్తలు కొనేవాడు లేడు. పండగకి పది రోజులుందనగా ఒక పొద్దున షావుకారు పుయిని ఒక్కడినే వాన్ హోయ్ హోటల్‌కి రమ్మన్నాడు. పుయి కప్పులు వేడి టీతో కడిగి, షావుకారు కప్పు నింపాడు. షావుకారు తట్టలేదు. పనివాళ్ళకి తట్టే అలవాటు ఆయనకి లేదు, పనివాళ్ళకి పోసే అలవాటూ లేదు. అది లోటని పుయికి ఎన్నడూ తోచలేదు.

కుడుముల ఆవిరి బుట్టలు వచ్చాయి. షావుకారు వాటిని ముట్టుకోలేదు. గట్టిగా మాట్లాడగా ఆయన్ని విన్నవాడు లేడు. ఆ రోజు మరీ గొణుగుతున్నట్టు అన్నాడు. "పుయి, రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. ఒకళ్ళని తీసెయ్యక తప్పేలా లేదు. ఈ ఏడు కోడి వడ్డించాలి."

అది తన గిన్నెలో పడుతుందని పుయికి తోచనే లేదు. "ఎవరికి?" అన్నాడు.

"అదే నిన్ను అడుగుతున్నాను. నాకు చేతులు రావడం లేదు. నువ్వు చెప్పు."

దుకాణంలో ఉన్నదే నలుగురు. లెక్కలు రాసే పంతులుని తీస్తే పని జరగదు. మిగిలింది పుయి, యిప్ ఫాయ్, షావుకారమ్మ మేనల్లుడు కెంగ్. ఫాయ్‌కి నలుగురు పిల్లలు, చిన్నదానికి ఇంకా నడక రాలేదు. పుయిని "అన్నా" అని నోరారా పిలిచేది వాడొక్కడే. కెంగ్ వచ్చి రెండేళ్ళైనా రొయ్యకీ రొయ్యపొట్టుకీ తేడా తెలియదుగాని, మేనల్లుడి గిన్నెలో కోడిముక్క పడుతుందని చిన్నపిల్లాడు కూడా అనుకోడు. అంటే ఫాయ్ పేరే చెప్పాలి. ఆ పేరు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆగిపోయేసరికి పుయికి ఏదో ఆవేశం వచ్చింది. ఉప్పు తిన్న విశ్వాసమో, పెద్దరికమో, రెండూ కలిసిన పిచ్చో!

"నా నాలుకతో ఇంకొకడి కడుపు కొట్టమంటారా షావుకారు గారూ? అంతకంటే నా గిన్నెలోనే వేసెయ్యండి!" అనేశాడు.

షావుకారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, పుయి చూశాడు. బల్ల మీదుగా చెయ్యి చాచి పుయి చేతిని గట్టిగా పట్టుకుని, "నీలాంటివాడు ఒక్కడు చాలు పుయి, ఒక్కడు చాలు" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ కుడుములు తిన్నారు.

పుయి ఇంటికి గాల్లో తేలుతూ వచ్చాడు. జరిగింది భార్యకి పూసగుచ్చినట్టు చెప్పాడు. కళ్ళనీళ్ళ దగ్గరికి వచ్చేసరికి తన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. లాయ్-క్యూన్ పువ్వుకి కాడ గుచ్చబోతూ ఆగింది.

"వద్దు అన్నాడా?" అంది.

"ఏమిటి?"

"నా గిన్నెలో వేసెయ్యండి అన్నావు కదా. దానికి ఆయన, 'ఛీ, అదేం మాట, వద్దు' అన్నాడా?"

"చెయ్యి పట్టుకున్నాడే! కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడే!"

"కళ్ళనీళ్ళు సరే. వద్దు అన్నాడా?"

 పుయి తల బద్దలు కొట్టుకుని ఆలోచించినా 'వద్దు' అనే మాట ఆ టీ బల్ల మీద ఎక్కడా దొరకలేదు.

"అవన్నీ నోటితో చెప్పాలా ఏమిటి? మగవాళ్ళ మధ్య మాటలు నీకు తెలియవు" అని కసిరాడు.

"కాలు జారితే తీసుకోవచ్చయ్యా, నోరు జారితే తీసుకోలేం" అని ఆవిడ మళ్ళీ పువ్వులు గుచ్చుకోవడంలో పడింది. 

ఆ ప్రశ్న మాత్రం పుయిని వదల్లేదు. ఆ పది రోజులూ షావుకారు మొహంలో ఆ 'వద్దు' కోసం వెతికాడు. షావుకారు పలకరించిన ప్రతిసారీ ఇప్పుడంటాడేమో అని చూశాడు. నాలుగో రోజున షావుకారు పిలిచి, "పుయి, కెంగ్‌కి ఆ గోటి దెబ్బ కాస్త నేర్పు. నీ విద్య నీతోనే పోకూడదు కదా" అన్నాడు.

పుయి ఎగిరి గంతేశాడు. చూశావా, దుకాణం మేనల్లుడి చేతికి వచ్చినా, వాడి పక్కన నిలబడి చూసుకోవలసింది నేనేనని దీనర్థం అని ఇంటికి వచ్చి చెప్పాడు. లాయ్-క్యూన్ ఆయన వంక జాలిగా చూసి, అన్నం వడ్డించింది. పుయి మర్నాటి నుంచి కెంగ్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పదేళ్ళు తప్పులు చేసి నేర్చుకున్నదాన్ని వారం రోజుల్లో వాడి చెవిలో పోశాడు. ఏ చప్పుడు తడిది, ఏ చప్పుడు పుచ్చుది, ఏ నత్త పైకి ఎండినట్టుండి లోపల మోసం చేస్తుందో అన్నీ చెప్పాడు. లోపల మోసం చేసే నత్తని చెవితో పట్టగలిగినవాడికి మనిషిని పట్టడం చేతకాలేదు, ఏం చేస్తాం!

ఫాయ్ మాత్రం ఆ పది రోజుల్లో సగమైపోయాడు. కోడి వస్తుందని వీధి వీధంతా గుసగుసలే. "అన్నా, నా గిన్నెలో పడితే పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోను?" అని సరుకు గదిలో ఒకనాడు బావురుమన్నాడు. "నీ గిన్నెలో పడదురా, నేను చెబుతున్నాను కదా" అన్నాడు పుయి. ఎలా తెలుసని అడిగితే చెప్పలేదు. చెప్పకపోవడంలో ఆయనకి కొంచెం గర్వం కూడా ఉంది.

పండగ రెండో రోజు మధ్యాహ్నం వాన్ హోయ్ హోటల్ మూడో అంతస్తు కిటకిటలాడిపోయింది. వీధిలో దుకాణాలన్నీ అక్కడే భోజనం పెడతాయి. ప్రతి బల్ల దగ్గరా ఎర్ర కాగితాలు, పుచ్చగింజల పొట్టు, దీవెనలు. పుయి కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. ఏటా ఆయన షావుకారుకి కుడిపక్కన కూర్చునేవాడు. ఈసారి సౌ ఆయన్ని మెత్తగా భుజం పట్టుకుని, ఎదురుగా పాము బొమ్మ చెక్కిన స్తంభం కింద ఉన్న కుర్చీలో కూర్చోబెట్టాడు. షావుకారు కుడిపక్కన కెంగ్ కూర్చున్నాడు.

"మేనల్లుడు ఎదిగాడుగా!" అని పుయి తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

ఆల్చిప్పలూ నల్లనాచూ వచ్చాయి. అందరూ "ఏడాదంతా కలిసిరావాలి" అన్నారు. వేయించిన పంది మాంసం వచ్చింది. అందరూ మళ్ళీ మంచి మాటలే అన్నారు. మూడోది కోడి. పసుపు పచ్చగా నిగనిగలాడుతూ, ముక్కలు చేసి మళ్ళీ కోడిలాగే పేర్చి, పైన తల పెట్టి తెచ్చాడు సౌ. బల్ల చుట్టూ మాటలు టక్కున ఆగిపోయాయి. ఎవరి మోచేతులు వాళ్ళు దగ్గరికి లాక్కున్నారు. ఫాయ్ బల్ల కింద పుయి మోకాలు గట్టిగా పట్టుకున్నాడు, గోళ్ళు దిగేటట్టు. సౌ పళ్ళెం బల్ల మీద పెట్టి, ఒక్క క్షణం ఆగి, చివరి అంగుళం తిప్పాడు. కోడి ముక్కు స్తంభం వైపు తిరిగింది.

గుండ్రటి బల్ల అన్నాక కోడి ఎవరో ఒకరివైపు చూడాలి కదా అనుకున్నాడు పుయి.

షావుకారు పుల్లలు తీసుకున్నాడు. అందరి కళ్ళూ ఆ పుల్లల కొసల మీదే ఉన్నాయి. ఆయన మంచి ముక్క కోసం వెతికినట్టు కాస్త వెతికి, రొమ్ము ముక్క ఒకటి ఎత్తి, లేచి నిలబడి, బల్ల మీదుగా వంగి దాన్ని పుయి గిన్నెలో పెట్టాడు.

ఫాయ్ చెయ్యి మోకాలి మీద నుంచి జారిపోయింది. వాడు ముందు ఊపిరి వదిలాడు, తర్వాతే బాధపడ్డాడు. వాణ్ణి తప్పు పట్టలేం.

"మీకందరికీ ఒక మాట చెప్పాలి" అన్నాడు షావుకారు. "ఈ ముక్క నేను వేసింది కాదు, పుయి అడిగి వేయించుకున్నది. ఫాయ్ కడుపు కొట్టొద్దు, నా గిన్నెలో వేసెయ్యండి అన్నాడు. నేను ఎంత చెప్పినా వినలేదు. ఇలాంటి మనిషిని నేనింతవరకూ చూడలేదు, ఇక చూడను."

అంతే. ఫాయ్ భోరుమన్నాడు. కుర్చీ వెనక్కి తోసి పుయి ముందు నడుం వంచి, "అన్నా! నా పిల్లలు నీ పేరు చెప్పుకుని బతుకుతారన్నా!" అన్నాడు. లెక్కల పంతులు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. పక్క బల్లల వాళ్ళు కూడా తిరిగి చూసి, "మనిషంటే అలా ఉండాలి" అని తలలూపారు. షావుకారమ్మ చేతిరుమాలు కళ్ళకి ఒత్తుకుంది. పుయిని మహానుభావుణ్ణి చేసి కూర్చోబెట్టారు. మహానుభావుడికి కోపం తెచ్చుకునే హక్కు ఎక్కడిది? అలా అని తిట్టలేడు, ఇలా అని ఏడవలేడు. 'ఎంత చెప్పినా వినలేదు' అన్న ముక్క దగ్గర మాత్రం లాయ్-క్యూన్ గొంతు చెవిలో వినపడింది. వద్దు అన్నాడా?

అయినా పుయి మనసు ఇంకా షావుకారు వైపే మొగ్గింది. తప్పు నాది, నోరు జారింది నేను, ఆయన మాత్రం ఏం చేస్తాడు, నేనే అన్నాను కదా అనుకున్నాడు. ఆ బాధలోనే ఎక్కడో కొంచెం వెచ్చగా కూడా ఉంది. ఫాయ్ పిల్లలు గుర్తొచ్చారు. సరేలే, ముప్పై ఒక్క ఏళ్ళ ఋణం ఇలా తీరింది అనుకుని పుల్లలు అందుకోబోయాడు.

అప్పుడు సౌ ఎముకల పళ్ళెం మార్చడానికి వచ్చి, పుయి భుజం మీదుగా వంగాడు. ముసలివాడి మొహాన నెత్తుటి చుక్క లేదు. పెదవులు కదలకుండా, "పుయి, నన్ను శపించకురా. నేను వడ్డించేవాణ్ణి, చెప్పినట్టు చెయ్యాలి" అన్నాడు.

"నీ తప్పేముంది సౌ అన్నా? ఇది నేను అడిగి..."

"అడగడమేమిటిరా! పండక్కి ఇరవై రోజుల ముందే బల్ల చెప్పడానికి వచ్చి, 'పుయిని స్తంభం కింద కూర్చోబెట్టు, తల అటు తిప్పు' అని చెప్పి వెళ్ళాడు మీ షావుకారు. అప్పటి నుంచీ నీకు టీ పోసినప్పుడల్లా నువ్వు తడుతుంటే నాకు ప్రాణం పోతోంది."

ఇరవై రోజులు. పుయి లెక్క చూసుకున్నాడు. తనని పిలిచి, చెయ్యి పట్టుకుని, నీళ్ళు తిరిగిన కళ్ళతో చూసింది పది రోజుల కిందట. అంటే ఆ పొద్దున షావుకారు అన్నీ నిర్ణయించుకునే వచ్చాడు. 'నువ్వు చెప్పు' అని అడిగింది సలహా కోసం కాదు. తను ఫాయ్ పేరు చెప్పి ఉంటే ఫాయ్‌ని అమ్మినవాడన్న పేరుతో పోయేవాడు. చెప్పలేదు గనక మహానుభావుడన్న పేరుతో పోతున్నాడు. ఎటు తిరిగినా పోయేది తనే. ఆ కళ్ళనీళ్ళు జాలితో వచ్చినవి కావు. తేలిగ్గా బయటపడ్డానని వచ్చినవి! తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. ఆ గొంతు కోయడానికి వచ్చిన పూట కుడుములు కూడా పంచుకుని తిన్నాడు. తన విద్యని కెంగ్ చెవిలో పోయించుకుని మరీ కోశాడు. వారం రోజులు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తన కుర్చీలోకి తనే ఎక్కించాడు.

పుయికి ముందు సిగ్గేసింది. ఆ తర్వాత ఒంట్లో ఎక్కడో తుఫాను నాటి చలి మొదలైంది. ఆ నీళ్ళలో నిలబడ్డ మనిషి మీద ఆయనకే జాలేసింది.

షావుకారు ఇదేమీ ఎరగడు. మంచి ఊపు మీద ఉన్నాడు. "ఇవాళ నా చేత్తో నీకు టీ పోస్తాను పుయి" అంటూ టీ కూజా అందుకుని, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, పుయి పక్కన నిలబడ్డాడు. పనివాడికి షావుకారు టీ పోయడం! పక్క బల్లల వాళ్ళు పుల్లలు కింద పెట్టి మరీ చూశారు. సన్నటి ధారతో కప్పు నిండుతోంది. సగమైంది. ముప్పావైంది. పుయి వేళ్ళు తట్టే చప్పుడు కోసం షావుకారు చిన్నగా నవ్వుతూ చూస్తున్నాడు.

పుయి చేతులు ఒళ్ళో ఉన్నాయి. అలాగే ఉంచాడు.

కప్పు నిండింది. షావుకారు ఇంకాస్త పోశాడు, తట్టు వినపడుతుందని. అంచు దాటింది. ఆయన నవ్వు అక్కడే ఉండిపోయింది కాని కూజా ఎత్తాలో ఎత్తకూడదో తెలియడం లేదు. ఎత్తితే పుయి తట్టలేదన్న సంగతి హోటలంతటికీ తెలిసిపోతుంది. ఎత్తకపోతే టీ పొర్లిపోతుంది. టీ పళ్ళెంలోకి, పళ్ళెంలో నుంచి తెల్లగుడ్డ మీదకి, గుడ్డ మీద నుంచి కెంగ్ వైపుకి పాకింది. వాడు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"పుయి..." అన్నాడు షావుకారు నెమ్మదిగా. "చాలా?"

"పొయ్యండి షావుకారు గారూ" అన్నాడు పుయి. గొంతు పెంచలేదు. "ఇరవై రోజుల నుంచీ పోస్తూనే ఉన్నారుగా. ఇప్పుడెందుకు ఆపడం?"

షావుకారు కూజాని ఒక్కసారిగా ఎత్తేశాడు. కూజా మూత జారి గుడ్డ మీద పడి దొర్లింది. తేలు కుట్టిన దొంగలా ఆయన ముందు సౌ వంక చూశాడు, తర్వాత కోడి వంక చూశాడు, పుయి మొహం వంక మాత్రం చూడలేకపోయాడు. బల్ల దగ్గర ఇరవై రోజుల సంగతి ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కావలసినవాడికి అయింది.

"పండగ పూట ఈ పెడసరం మాటలేమిటి?" అంది షావుకారమ్మ.

 పుయి పుల్లలు తీసుకుని కోడిముక్క తిన్నాడు. ముక్క వదిలెయ్యకూడదు కదా. తొందరపడకుండా తిని, ఎముక పళ్ళెంలో పెట్టి, లేచాడు. ఆ ముక్క మింగుతుండగా గేయ్ తాత గుర్తొచ్చాడు. ఆ రోజు తను తిన్న కోడి కాలు గుర్తొచ్చింది. సౌ దగ్గర ఆగి, "బాగా ఉడికింది" అన్నాడు. ఫాయ్ మెట్ల దాకా వెంటపడి "అన్నా, అన్నా" అంటూనే ఉన్నాడు. వాడి తల నిమిరి, "లోపలికి వెళ్ళు, చేపలు వస్తాయి" అని చెప్పి దిగిపోయాడు. వాడికి అసలు సంగతి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

లాయ్-క్యూన్ తలుపు తీసి ఆయన మొహం చూసింది. నేను చెప్పలేదూ అని ఎత్తిపొడుస్తుందని పుయి మెట్లు ఎక్కుతున్నంతసేపూ భయపడ్డాడు. ఆవిడ పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. పండగని పువ్వుల బుట్ట మంచం కిందకి తోసేసి ఉంది, బల్ల ఖాళీగా ఉంది. ఆయన కూర్చున్నాడు.

"వద్దు అనలేదు" అన్నాడు. "నన్ను అడగడానికి ముందే హోటల్లో చెప్పేసి వచ్చాడట. పది రోజుల ముందే."

లాయ్-క్యూన్ మొహం ఎర్రబడింది. "వాడి గిన్నెలో మన్ను పడ!" అంది, పండగ పూట అనరాని మాటని మొట్టమొదటిసారి అంటూ. ఆ తర్వాత లోపలికి వెళ్ళి, పొద్దున కాచిన టీ వేడిచేసి తెచ్చి, కప్పులో పోయసాగింది.

పుయి రెండు వేళ్ళు బల్ల మీద తట్టాయి.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఆ వేళ్ళ వంక చూసింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ చప్పుడు ఎవరెవరి బల్లల మీద ఖర్చయిపోయిందో ఆవిడకి బాగా తెలుసు.

"ఇప్పుడా?" అంది. "అక్కడ నీకు ఎవరూ లేరని తేలాక, ఇప్పుడు గుర్తొచ్చానా?"

 పుయి తల వంచుకుని మళ్ళీ తట్టాడు. ఆవిడ కూజా ఠక్కున బల్ల మీద పెట్టి, కళ్ళు తుడుచుకుని, ఎదురుగా కూర్చుంది.

"చాల్లే" అంది. "చల్లారిపోతుంది, తాగు."